డ్రమ్ము కట్టిన చీర

ఆర్మూరులో డ్రమ్ము అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పాట కాదు, పసుపు. ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టిన పసుపు కొమ్ముల్ని జల్లెడలాంటి ఇనుప పీపాలో పోసి గిరగిరా తిప్పుతారు. ఒకదానికొకటి ఒరుసుకుని పైనున్న గరుకు పొట్టు, సన్న వేళ్ళు రాలిపోతాయి. కొమ్ము నున్నగా తేలి బంగారు రంగుకు తిరుగుతుంది. ఆ పీపానే పాలిషింగు డ్రమ్ము. అందుకని మా చిన్నమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, డ్రమ్ము కొనేటందుకు పట్నంకెల్లి ఒకాయన వస్తడట, నువ్వు జర వచ్చిపోరాదు" అంటే, ఉన్న రెండెకరాల పసుపు కూడా మానేస్తున్నారేమోనని కంగారుపడ్డాను.

"పసుపుది కాదే, మీ చిన్నాయనది" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా చిన్నాయన పగలు అడ్తి దుకాణంలో గుమాస్తా, రాత్రి ఆర్కెస్ట్రాలో డ్రమ్మరు. వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, ఏ ఊరి నుంచి పిలుపొచ్చినా పెర్కిట్ చౌరస్తాలో లారీ ఎక్కేసేవాడు. 1966లో వచ్చిన 'తీస్రీ మంజిల్' చూశాకే ఆయనకీ పిచ్చి పట్టుకుందని మా అమ్మ అనేది. అందులో హీరో షమ్మీ కపూర్ హోటల్లో డ్రమ్ములు వాయించేవాడు మరి. పదేళ్ళు పైసా పైసా కూడబెట్టి, 1976లో సికింద్రాబాదులో ఒక ఆంగ్లో ఇండియన్ వాద్యగాడు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాడు. ఆ నెల చిన్నమ్మ మెడలో నాను లేదు. ఎక్కడికి పోయిందో ఆవిడా చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

చిన్నాయన పోయి పదకొండేళ్ళయింది. డ్రమ్ములు మాత్రం లోపలి గదిలో, పాత దుప్పటి కింద అలాగే ఉన్నాయి. ఇప్పుడు మనవరాలికి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు కట్టాలి. మా తమ్ముడు డ్రమ్ముల ఫోటోలు తీసి తెలిసినవాళ్ళకి పంపిస్తే, అవి చేతులు మారి మారి పాత వాయిద్యాలు సేకరించే ఒక పెద్దమనిషి దగ్గరికి చేరాయి. ఆయన ఫోన్లోనే ఒక ధర చెప్పాడు. చిన్నమ్మ రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది. "డ్రమ్ములకు కాదమ్మా, ఆ రంగుకి. ఆకుపచ్చ తళుకు దొరకడం చాలా అరుదు" అన్నాడట.

రంగుకి ధరేమిటి? నేను చదివింది బి.ఏ. చరిత్ర అంటే నాకు రాజులూ, శాసనాలూ. డ్రమ్ముకి చరిత్ర ఉంటుందని ఎవరూ చెప్పలేదు. బస్సెక్కేముందు రెండు రోజులు కూర్చుని చదివాను. చదివాక తెలిసిందేమిటంటే, ఇందులో మగవాళ్ళకంటే మనకే బాగా అర్థమయ్యే సంగతులున్నాయి. ఎందుకంటే డ్రమ్ము చెక్కకి వేసేది రంగు కాదు, కట్టేది చీర.

అసలు సంగతి ఇదీ. డ్రమ్ము చట్రం పలచని చెక్క పొరలు అతికించి గుండ్రంగా వంచి చేస్తారు. మొదట్లో దానికి మామూలు వార్నీషో, రంగో వేసేవాళ్ళు. 1920లలో అమెరికాలో జాజ్ సంగీతం ఊపందుకుంది. డ్రమ్మరు వెనక వరసలోంచి దీపాల వెలుగులోకి వచ్చాడు. వెలుగులోకి వచ్చినవాడికి తళుకు కావాలి కదా. అప్పుడు కంపెనీల వాళ్ళు సెల్యులాయిడ్ రేకుని చెక్క చుట్టూ చుట్టి అంటించడం మొదలుపెట్టారు. ముత్యపు రంగు, తళుకుల రంగు, రాతి గీతల రంగు, ఎన్ని రకాలో. చెక్క అతుకులు కనబడవు, గీతలు పడవు, తుడిస్తే మెరుస్తుంది.

ఈ సెల్యులాయిడ్ మనకి పరాయిది కాదు. పాతకాలపు దువ్వెనలు, బొమ్మలు, పింగ్‌పాంగ్ బంతులు, సినిమా రీళ్ళు అన్నీ అదే. 1870 ప్రాంతంలో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ అనే ఆయన ఏనుగు దంతానికి బదులుగా బిలియర్డ్ బంతులు చేయాలని తంటాలు పడుతూ దీన్ని సాధించాడు. నత్రికామ్లంలో నానిన దూదికి ఆయన కలిపింది ఏమిటో తెలుసా? కర్పూరం. మన హారతి కర్పూరమే. పాత డ్రమ్ము మీద బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే, ఇప్పటికీ సన్నగా కర్పూరం వాసన వేస్తుంది. నిజమైన పాత సెల్యులాయిడ్‌ని, తరవాత వచ్చిన ప్లాస్టిక్ అతుకుల్నీ వేరుచేసే మొదటి పరీక్ష అదే.

మూత పెట్టని కర్పూరం ఏమవుతుందో మనకి తెలుసు. రేకులోంచి కూడా ఏళ్ళ తరబడి అది కొంచెం కొంచెంగా ఎగిరిపోతూనే ఉంటుంది. దాంతో రేకు ముడుచుకుంటుంది. అతుకు దగ్గర నోరు తెరుచుకుంటుంది, ఒక్కోసారి పగులుతుంది. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది కూడా. అందుకే సినిమా ఫిల్ములకి దాన్ని వాడడం 1950ల మొదట్లో మానేశారు. చిన్నమ్మ ప్రతి దసరాకీ ఆయుధ పూజలో ఈ డ్రమ్ములకి కర్పూర హారతి ఇచ్చిందన్న సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కర్పూరంతో చేసినదానికి కర్పూరంతోనే హారతి!

ఇక ఆ ముత్యపు మెరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చేప పొలుసుల నుంచి. పొలుసుల మీద వెండిలా మెరిసే పదార్థాన్ని తీసి సెల్యులాయిడ్‌లో కలిపేవాళ్ళు. మనం గోళ్ళకి వేసుకునే రంగు కూడా ఈ వంశంలోదే. దూదితో చేసిన ఆ పదార్థాన్నే పలచగా కరిగిస్తే కార్ల రంగయింది, ఇంకొంచెం ముస్తాబు చేస్తే గోళ్ళ రంగయింది, రేకుగా తీసి చుడితే డ్రమ్ము చీరయింది.

కార్ల రంగంటే గుర్తొచ్చింది. డూపాంట్ కంపెనీ వాళ్ళ డ్యూకో రంగు 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి నీలంగా వేసి అమ్మారు. అంతకుముందు వారాల తరబడి ఆరవలసిన కారు రంగు గంటల్లో ఆరిపోయేసరికి లోకం ఆశ్చర్యపోయింది. డ్రమ్ముల వాళ్ళూ దాన్ని అందుకున్నారు. రేకు చుట్టినవాటి కంటే చవగ్గా, నీలం వెండి, నలుపు బంగారం అంటూ రెండు రంగుల పట్టీలతో డ్యూకో డ్రమ్ములు తెచ్చారు. ఆర్మూరు నుంచి గోదావరి దాటి వెళితే వచ్చే నిర్మల్‌లో, పొనికి చెక్కతో బొమ్మలు చేసే నకాషీలు, చింతగింజల అంబలీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతుకులు సరిచేసి, ఇటీవలి కాలంలో వాటి మీద వేస్తున్నదీ ఆ డ్యూకోయే. షికాగో డ్రమ్ముకీ, మన అల్మారాలోని నిర్మల్ జామపండుకీ అలా చుట్టరికం కలిసింది.

రంగుకి ధర ఎలా వస్తుందో చెప్పడానికి ఒక్క కథ చాలు. లుడ్విగ్ అన్నదమ్ములు 1909లో షికాగోలో పెట్టిన కంపెనీ అది. 1963లో లండన్‌లో రింగో స్టార్ అనే కుర్రవాడు డ్రమ్ములు కొనడానికి ఒక దుకాణానికి వెళ్ళాడు. నలుపూ బూడిదా కలిసి ముత్యపు చిప్పలా సుడులు తిరిగిన ఒక రేకు ఆయన కంట్లో పడింది. ఆ రంగు నచ్చి ఆ కంపెనీవి కొన్నాడు. మరుసటి ఏడాది, 1964 ఫిబ్రవరి 9న, బీటిల్స్ బృందం అమెరికా టెలివిజన్‌లో పాడితే 7 కోట్లకు పైగా జనం చూశారు. విచిత్రం చూడండి, ఆ ప్రసారం నలుపు తెలుపు. ఆ రంగు వాళ్ళెవరికీ కనబడనే లేదు. అయినా మర్నాటి నుంచి కుర్రకారంతా డ్రమ్ముల దుకాణాల మీద పడ్డారు. రింగో స్టార్ వాయించిన ఆ మొదటి లుడ్విగ్ సెట్టుని 2015 డిసెంబరులో వేలం వేస్తే 20 లక్షల డాలర్లకు పైగా పలికింది.

అరుదైనవంటే ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా కొననివే. 1960ల చివర, పూలచొక్కాల కాలంలో, అదే కంపెనీ కళ్ళు చెదిరే నారింజ సుడులూ ఎర్ర సుడులూ తెచ్చింది. కొన్నాళ్ళకే ఆపేసింది. గ్రెట్ష్ కంపెనీ 1950లలో కాడిలాక్ కారు ఆకుపచ్చ రంగు వేసి, ఇనుప సామాను మీద బంగారు పూత పూసి కొన్ని అమ్మింది. ఇప్పుడు వాటికోసం దేశదేశాల వాళ్ళు వెతుక్కుంటున్నారు. మనింట్లోనూ అంతేగా, ఎవరూ కట్టకుండా పెట్టెలో మిగిలిపోయిన అమ్మమ్మ చీరకే ఇవాళ గిరాకీ.

ఇంత చదువుకుని, భూతద్దం సంచిలో వేసుకుని ఆర్మూరు చేరాను. పెద్దమనిషి వచ్చేది మర్నాడు. సాయంత్రం చిన్నమ్మ దుప్పటి తీసింది. కిటికీలోంచి పడ్డ ఎండలో డ్రమ్ములు పచ్చగా తళుక్కుమన్నాయి. లేత చింతాకు రంగు. మేకు తల చుట్టూ కోట తలుపు రాయిలాంటి ఇత్తడి బిళ్ళ, దాని మీద లుడ్విగ్, షికాగో, కింద ఒక నంబరు. ఆ నంబర్లు 1963 చివర్లో మొదలయ్యాయని చదివాను కాబట్టి, ఇది అంతకు తరవాతిదే. ఇక రంగు సంగతి.

చీరల కొట్టులో మనం ఏం చేస్తాం? జరీ గీరి చూస్తాం. అంచు తిరగేసి లోపలివైపు చూస్తాం. మడత దగ్గర వెలిసిందా అని వెతుకుతాం. డ్రమ్ముకీ అంతే. ముందు అతుకు చూడాలి. కంపెనీలో చుట్టిన రేకు అంచులు తిన్నగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తరవాత ఎవరో చుట్టించిందైతే అంచు వంకర పోతుంది, జిగురు బయటికి చిమ్ముతుంది. అతుకు తిన్నగానే ఉంది. తరవాత రంధ్రాలు. కొత్త సామాను బిగించడానికి పొడిచినవీ, పూడ్చినవీ ఉంటే విలువ పడిపోతుంది. లేవు. తరవాత తళుకు. అచ్చమైన రేకులో తళుకు ముక్కలు గాజు కింద నీళ్ళలో తేలుతున్నట్టు లోతుగా కనిపిస్తాయి. అచ్చు వేసిన ఇప్పటి స్టిక్కర్లో చుక్కలన్నీ ఒకే మట్టాన పడుకుని ఉంటాయి. భూతద్దంలో చూశాను. తళుకు తేలుతోంది.

"ఇంకేముంది అక్కా, అస్సలుదే" అన్నాడు తమ్ముడు. కిందటేడాది వాడే దీన్ని కార్ల షెడ్డుకు తీసుకెళ్ళి డ్యూకో కొట్టిస్తానంటే చిన్నమ్మ చీపురు తీసిందట. ఆ చీపురుకి దండం పెట్టాలి.

మిగిలింది ఒకే పరీక్ష. పాత చీరకి కుట్టిన ఫాల్ ఎప్పుడైనా విప్పారా? చీర ఎంత వెలిసినా ఫాల్ కింద కొన్ననాటి రంగు అలాగే ఉంటుంది. డ్రమ్ముకి పక్కన పైపొరని బిగించే మరలు దిగే ఇనుప బొడిపెలుంటాయి. వాటి కింద వెలుగు సోకదు. తమ్ముణ్ణి స్క్రూడ్రైవరు తెమ్మన్నాను. లోపలి నుంచి రెండు మరలు విప్పి బొడిపె తీశాడు.

కింద నీలం. నిండు నెమలికంఠం నీలం, తళుకులతో సహా.

ముగ్గురం మాట్లాడలేదు. నాకు మాత్రం చదివిన ముక్క గుర్తొచ్చి గుండె జారిపోయింది. తళుకుల మీద ఉండే పారదర్శకపు పొర వయసుతో, వెలుతురుతో పసుపుబారుతుంది. తెల్ల ముత్యం అందుకే మీగడ రంగవుతుంది. నల్ల సుడులు గోధుమకు తిరుగుతాయి. నీలం మీద పసుపు పడితే ఏమవుతుందో ఆర్మూరులో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది ఆకుపచ్చ తళుకు కాదు. నీలం తళుకు. వేలకొద్దీ తయారైన మామూలు రంగు. కిటికీ వైపు పచ్చబడింది, గోడవైపు ఇంకా నీలం మిగిలే ఉంది. రోజూ చూసే కళ్ళకి తేడా తెలియలేదు. ఫోటోలు తీసింది కిటికీ వైపు నుంచే.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన మంచిది కాదు. బొడిపె మళ్ళీ బిగించేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆయన ఎలాగూ ఆకుపచ్చే అనుకుంటున్నాడు. మనం అబద్ధం చెప్పలేదు కదా. పిల్ల ఫీజు కళ్ళముందుంది. తమ్ముడు కూడా నా మొహంలోకే చూస్తున్నాడు. పైకి అనేశాను, "బిగించేద్దాం చిన్నమ్మా" అని.

చిన్నమ్మ ఆ నీలాన్నే చూస్తోంది. "ఇదే రంగుండె" అంది మెల్లిగా. "తెచ్చిన నాడు గిదే రంగు. నేనే మర్చిపోయిన." తరవాత నావైపు తిరిగి, "బిడ్డా, మీ చిన్నాయన ముప్పై ఏండ్లు అడ్తిల లెక్కలు రాసిండు. రంగు గలిపిన పసుపు ఎన్నడన్న తూకానికి రానిచ్చిండా? గిప్పుడు ఆయన డ్రమ్మును నేను రంగు జెప్పి అమ్మాల్నా?" అంది.

ఆ మాటకి అర్థం ఆ ఊళ్ళో పెరిగితే తెలుస్తుంది. వెలిసిన కొమ్ముకి మెరుపు రావాలని మెటానిల్ ఎల్లో అనే బట్టల రంగూ, రంగు డబ్బాల్లో వాడే సీసపు క్రోమేటూ పులిమే ప్రబుద్ధులు దేశంలో ఉన్నారు. సీసం పిల్లల మెదడుకి విషం. నీళ్ళలో వేస్తే వెంటనే రంగు వదిలేది, అరచేతిలో రుద్దితే అతిగా మెరిసేది చూసి అనుమానించాలని చిన్నమ్మే నాకు చిన్నప్పుడు నేర్పింది. నేను భూతద్దం సంచిలో పెట్టేసుకున్నాను.

మర్నాడు పెద్దమనిషి వచ్చాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాక చిన్నమ్మ ముందుగా బొడిపె తీసి చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. "విప్పి చూపించకపోతే నేను అడిగేవాణ్ణి కాదేమోనమ్మా" అన్నాడు. ధరలో మూడో వంతు తగ్గించాడు. ఊరికే తగ్గించలేదు, లెక్క చెప్పాడు. నీలమైనా కంపెనీ చుట్టిన రేకు, కొత్త రంధ్రాల్లేవు, రంగు వేయలేదు. ఇన్నాళ్ళు ఇంత చక్కగా దాచిన సెట్టు దొరకడమే అరుదట. ఫీజుకి కొంచెం తక్కువ పడింది. అది నేనిస్తానంటే చిన్నమ్మ అప్పుగా రాసుకుంది, కాగితం మీద.

పెద్ద డ్రమ్ము గోడవైపు తిప్పాక ఆయన ఆగాడు. నీలం మిగిలిన ఆ వైపు, నడుం ఎత్తున, ఒకదాని పక్కన ఒకటిగా పసుపు బొట్లు. కొన్ని ముదురు, కొన్ని వెలిసి నీడల్లా మిగిలాయి. ఎండ తగిలితే పసుపు మరక పోతుందని మనకి తెలుసు. ఇవి నీడవైపు పెట్టినవి, పోలేదు.

"ఈ మరకలు పోగొట్టొచ్చు లెండి" అన్నాడాయన.

"మరకలు కావయ్యా. దసరాకు పెట్టిన బొట్లు. ఏడాదికొకటి."

ఆయన వేలు పెట్టి లెక్కపెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అయితే ఉంచేస్తాను" అన్నాడు. తుడిచేస్తే ఈ సెట్టు ఎక్కడ బతికిందో చెప్పే సాక్ష్యం పోతుందనీ, కంపెనీ జాబితాలో ఉన్న రంగులు ఎక్కడైనా దొరుకుతాయనీ అన్నాడు. అంతకన్నా ఎక్కువ ఏమీ మాట్లాడలేదు. మంచివాడే అనిపించింది.

డ్రమ్ముల్ని దుప్పట్లలో చుట్టి బండెక్కించారు. చిన్నమ్మ గుమ్మం దగ్గర నిలబడి, పెద్ద డ్రమ్ము మీద అరచెయ్యి ఒక్కసారి ఆనించి, "నీళ్ళు తగలనియ్యకుండ్రి, కర్పూరం కాడ పెట్టకుండ్రి" అని అప్పగింతలు చెప్పింది, ఆడపిల్లని పంపినట్టే.

బండి వెళ్ళాక గది ఊడుద్దామని లోపలికి వెళ్ళాను. గోడంతా వెలిసి బూడిద రంగుకి దిగిపోయింది. పెద్ద డ్రమ్ము ఆనుకుని ఉన్నచోట మాత్రం చందమామలా గుండ్రంగా, చిన్నాయన వేయించిన సున్నపు నీలం అలాగే ఉంది.

చిన్నమ్మ చూసింది. వచ్చే పండక్కి గోడలకి సున్నం వేయిద్దామన్నాడు తమ్ముడు.

"ఈ గోడొక్కటి ఇడిచిపెట్టు" అంది.